కింది వాటా

మొన్న మల్కాజ్‌గిరిలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్లి లోకల్ రైల్లో తిరిగి వస్తున్నాను. ఎదురుగా కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు కళ్లు మూసుకుని ఏదో పాడుకుంటున్నారు. వినడానికి అది పాటలా లేదు. రెండు మూడు స్వరాల మధ్యే తిరుగుతోంది, ఉన్నట్టుండి ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ అక్కడే మొదలవుతోంది. పక్కనున్న కాలేజీ పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం అదేమిటో తెలిసిపోయింది. పదిమంది కలిసి నాలుగు రకాల గొంతులతో పాడే పాటలో అన్నిటికంటే కింద వినిపించే భాగం అది. దాన్ని విడిగా పాడితే ఇలాగే ఉంటుంది.

"మీరు క్వయర్‌లో పాడతారా అండీ?" అని అడిగాను.

ఆయన కళ్లు తెరిచి ఆశ్చర్యంగా చూశారు. "అవునమ్మా. నీకెట్ల తెలిసింది?"

"మా మామగారు కూడా ఈ గొంతే పాడేవారు."

ఆయన ఇంకేదో అడగబోయేలోగా సికింద్రాబాద్ వచ్చేసింది, దిగిపోయాం. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడితే పని సాగలేదు. మామగారు పోయి చాలా ఏళ్లే అయింది. ఆయన ఫొటోకి రోజూ దండం పెట్టుకుంటూనే ఉన్నాను. కానీ ఆయన గొంతు ఇంత దగ్గరగా గుర్తొచ్చింది మాత్రం ఆ రోజే.

మా మామగారిది తణుకు దగ్గర పల్లె. పెళ్లైన కొత్తలోనే సికింద్రాబాద్ వచ్చి, కొన్నాళ్లు ఒకరి దుకాణంలో పని చేసి, తర్వాత రాణీగంజ్‌లో సొంత హార్డ్‌వేర్ దుకాణం పెట్టారు. మేకులు, మరలు, గడియలు, తలుపు బందులు, కుళాయిలు అమ్మేవారు. నేను కోడలిగా పద్మారావు నగర్ ఇంటికి వచ్చేసరికి ఆయన జుట్టు నెరిసిపోయింది. దుకాణంలో ఆయన గొంతు గురించి జనం కథలుగా చెప్పుకునేవారు. గోడౌను రోడ్డుకి అవతల సందులో ఉండేది. గల్లా దగ్గర కూర్చుని "మూడంగుళాల బందులు రెండు డజన్లూ!" అని ఆయన కేకేస్తే, మధ్యలో బస్సులూ లారీలూ ఎన్ని ఉన్నా ఆ కేక గోడౌనులోకి చేరేదట. ఫోను పెట్టించుకుందామని మావారు ఎన్నిసార్లు అన్నా "దేనికి?" అనేవారట.

ఆ గొంతు ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. ఇంట్లో ఆయన భాష దగ్గు. గుమ్మంలో దగ్గితే కాళ్లకి నీళ్లు, కుర్చీలో కూర్చుని దగ్గితే కాఫీ, కంచం ముందు దగ్గితే మజ్జిగ. నాకు అన్నీ ఒకేలా వినపడేవి. మా అత్తగారికి మాత్రం తేడాలు తెలిసేవి. నేను కాఫీ గ్లాసుతో బయల్దేరితే "అది కాఫీ దగ్గు కాదే, పేపరు దగ్గు" అని వెనక్కి పిలిచేవారు. పేపరు తీసుకెళ్లి ఇస్తే ఆయన నిజంగానే దాని కోసమే చూస్తున్నట్టు అందుకునేవారు. ఆవిడ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. "మీ మామయ్యగారు నీ చీర బాగుందంటున్నారు" అనేది. ఆయన నోరు విప్పి ఉండరు. కాదనేవారూ కాదు.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడికి వెళ్లినా ముందు ఆయన చెయ్యి తలుపు గడియ మీదికి పోయేది. పెళ్లివారిల్లయినా డాక్టరు గదయినా గడియ వేసి తీసి చూడందే కూర్చునేవారు కాదు. మొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు మా నాన్న కుశలప్రశ్నలు వేస్తుంటే, మధ్యలో లేచి వెళ్లి మా వీధి తలుపు బందులో వదులైన మర బిగించి వచ్చి కూర్చున్నారు. వియ్యంకుడిగారికి మన ఇల్లు నచ్చలేదని మా అమ్మ చాలా రోజులు బాధపడింది. నచ్చని ఇంట్లో ఆయన దేన్నీ ముట్టుకోరని మాకు తర్వాత తెలిసింది.

అత్తగారికి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆయన రోజూ సాయంత్రం దుకాణం నుంచి నేరుగా అక్కడికి వచ్చేవారు. వచ్చి వార్డు గుమ్మం దగ్గర నిలబడేవారు. "తిందా?" అని నన్ను అడిగేవారు. తిన్నారనో లేదనో చెప్పేదాన్ని. ఆవిడ మంచం మీది నుంచి ఆయన్ని చూసేది. ఆయన కాసేపు అలాగే నిలబడి, తలుపు రెక్క ఒకసారి కదిపి చూసి వెళ్లిపోయేవారు. చివరిదాకా అంతే. మనిషికి ఇంత రాతిగుండె ఏమిటని నాకు కోపం కూడా వచ్చేది.

ఆవిడ పోయాక ఇంట్లో దగ్గు కూడా వినపడలేదు. దుకాణం మావారికి వదిలేశారు. పెడితే తినేవారు, లేకపోతే లేదు. సాయంత్రం పూట చెప్పులేసుకుని బయటికి వెళ్లేవారు. ఎక్కడికని అడిగే ధైర్యం మాకు లేదు.

మా వీధి చివర ఒక మిషన్ స్కూలు ఉంది. అందులో సంగీతం చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ, గుంటూరు వైపు మనిషి, ఆ స్కూలు హాల్లోనే వారానికి రెండు సాయంత్రాలు ఒక క్వయర్ నడిపేవారు. చర్చి క్వయర్ కాదది. ఎవరైనా రావచ్చు. పాట రాకపోయినా రావచ్చు. డిసెంబరులో క్రిస్మస్ పాటలు, ఆగస్టులో దేశభక్తి పాటలు, మిగతా రోజుల్లో ఆవిడ సొంతంగా కట్టినవి. మామగారు ఆ హాలు మెట్ల మీద కూర్చుంటున్నారని కూరలమ్మి చెబితే మాకు తెలిసింది.

లోపలికి పిలిచింది మల్లేశంగారు. రైల్వేలో ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి, మల్కాజ్‌గిరి నుంచి లోకల్ పట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు ఆలస్యంగా వచ్చి మెట్లెక్కుతూ ఈయన్ని చూసి ఆగాడట. ఈ సంగతి ఆయనే తర్వాత నాకు నవ్వుతూ చెప్పాడు.

"ఏం సార్, రోజూ గిట్ల బయటనే కూసుంటరు? దోమలు పీక్క తింటలేవా? లోపలికి రాండ్రి."

"నాకు పాట రాదు," అన్నారట మామగారు.

"నాకు సుత రాదు సార్. రెండేండ్ల సంది వస్తనే ఉన్న."

లోపలికి వెళ్లగానే మామగారు చేసిన మొదటి పని తలుపు చూడటం. ఆ హాలు తలుపు తీసినప్పుడల్లా కీచుమనేది, పాట మధ్యలో ఎవరైనా వస్తే టీచరమ్మ కళ్లు గట్టిగా మూసుకునేవారు. మర్నాడు ఈయన నూనె డబ్బా పట్టుకుని వెళ్లి బందులకి నూనె వేశారు. ఆ తర్వాత ఆ తలుపు నోరెత్తలేదు.

గొంతు ఏ రకమో తెలుసుకోవడానికి టీచరమ్మ ఆయన్ని "ఆ" అనమన్నారు. ఆయనకి వచ్చింది ఒకటే పద్ధతి. ఊపిరి పీల్చి రాణీగంజ్ రోడ్డు దాటించేటట్టు అన్నారు. ముందు వరసలో ఆడవాళ్లు చెవులు మూసుకుని నవ్వారట. దుకాణం కేకల కథ అప్పటికే విన్న టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

"మంచి గొంతండీ. బేస్‌లో, అంటే కింది గొంతుల్లో నిలబడండి. కానీ గోడౌను దాకా అక్కర్లేదు, పక్కన నిలబడ్డాయనకి వినపడితే చాలు. పక్కాయన గొంతు మీకు వినపడటం లేదంటే మీరు ఎక్కువ చేస్తున్నారని లెక్క."

ఇంటికి వచ్చి మాకేమీ చెప్పలేదు. భోజనాల దగ్గర మాత్రం మావారు ఏదో చెబుతుంటే ఆయన తినడం ఆపి విన్నారు. మావారు కంగారుపడి "ఏంటి నాన్నా, ఉప్పు ఎక్కువైందా?" అన్నారు.

టీచరమ్మ చెప్పే సోప్రానో, ఆల్టో, టెనర్ పేర్లు ఆయన నోట పలకలేదు. ఆయన సొంత పేర్లు పెట్టుకున్నారు. ఆడవాళ్ల హెచ్చు గొంతు పై వాటా, మధ్యలో రెండు నడిమి వాటాలు, తమది కింది వాటా. అద్దె ఇళ్ల మాట అది. రాను రాను హాల్లో అందరూ అవే పేర్లతో పిలవడం మొదలుపెట్టారు. టీచరమ్మ కూడా ఒక్కోసారి పొరపాటున "నడిమి వాటా వెనకబడుతోంది" అనేవారు.

ఆ వాటాల్లో ఎవరెవరో ఉండేవారు. కార్ఖానా ప్రాంతం నుంచి వచ్చే నర్సు ఒకామె డ్యూటీ దిగి, చెప్పులు విడిచి, చల్లటి గచ్చు మీద కాళ్లు ఆనించి పాడేది. రోజంతా మందితో మాటలు పడే టికెట్ కలెక్టరు ఒకాయన "ఇక్కడ నా మీద ఎవరూ అరవరు, అందరం కలిసే అరుస్తాం" అనేవాడు. భర్త మిలిటరీలో ఉన్న అరవావిడ తెలుగు పాటలు తమిళ అక్షరాల్లో రాసుకుని పాడేది. వచ్చేవాళ్లు పెరిగి కుర్చీలు చాలక, స్కూలు బెంచీలు మోసుకొచ్చి వేసుకునేవారు. ఎందుకు వస్తున్నారంటే ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు. నిద్ర పడుతోందని ఒకరు, ఉబ్బసం తగ్గిందని ఒకరు, ఇంట్లో పోట్లాటలు తగ్గాయని ఒకరు. మామగారిని ఎవరైనా అడిగితే "తలుపు బాగుంది" అనేవారు.

బంధువుల్లో గుసగుసలు వచ్చాయి. పెద్దాయన చర్చి పాటలు పాడుతున్నాడట, భార్య పోయాక మతి చెడిందట. మావారు కూడా ఒకరోజు నసుగుతూ అన్నారు. "నాన్నా, షాపులో జనం అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"షాపులో మేకులు అమ్ము," అన్నారు మామగారు.

మామగారు చేరిన రెండో ఏడాది టీచరమ్మ కొత్త పాట కట్టారు. "ఎవరి దీపం వారు పట్టుకు రండి, ఈ వీధి చీకటి దాటుదాం రండి" అని మొదలవుతుంది. పై వాటాకి మాటలన్నీ ఇచ్చారు. కింది వాటాకి చివరి మాట ఒక్కటే మిగిలింది. "రండి… రండి… దాటి రండి…" అంతే. మామగారు దాన్ని ఇంట్లో సాధన చేసేవారు. పెరట్లో, మెట్ల మీద, స్నానాల గదిలో, ఎక్కడ చూసినా "రండి… రండి…" అనే గొంతు. జన్మలో ఒక మనిషిని ఇంటికి పిలిచి ఎరగని ఆయన పొద్దున్నే వీధి అరుగు మీద నిలబడి రండి రండి అంటుంటే, పాలవాడు సైకిలు దిగి లోపలికి వచ్చేశాడు. పక్కింటి పంతులుగారు "పిలిచారా?" అంటూ వచ్చి కూర్చున్నారు. నేను కాఫీ ఇవ్వక తప్పింది కాదు. మామగారు ఇబ్బందిగా దగ్గి, కాసేపటికి పంతులుగారిని వాళ్ల పెరటి తలుపు ఎలా ఉందని అడిగారు. అలా రోజూ ఎవరో ఒకరు రావడం మొదలైంది.

నేను రోజంతా ఆ రండి వింటూ పని చేసుకునేదాన్ని. ఒకరోజు ఆయన మర్చిపోయిన మఫ్లరు ఇవ్వడానికి హాలుకి వెళ్లి గుమ్మంలో నిలబడి మొత్తం పాట విన్నాను. ఇంట్లో అర్థం లేనట్టు వినపడేది, అక్కడ పై గొంతుల కింద పునాదిలా ఉంది. తిరిగి వచ్చాక ఇల్లు ఊడుస్తూ పై వాటా నేను మనసులో పాడుకునేదాన్ని. చిన్నప్పుడు గుడివాడలో స్కూలు ప్రార్థనకి ముందు నిలబడి పాడేది నేనే. పెళ్లయ్యాక ఎవరూ పాడమనలేదు, నేనూ పాడలేదు.

క్వయర్ వాళ్లు కాస్త దూరంలో ఉన్న ఒక కాలనీలో పాటల కార్యక్రమం పెట్టుకున్నారు. అది ఇంకా నెల ఉందనగా మల్లేశంగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మూతి వంకర తిరిగింది. టీచరమ్మ, మిగతావాళ్లు ఆసుపత్రికి వెళ్తే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడట, ఎవరినీ చూడలేదు. టీచరమ్మ మా ఇంటికి వచ్చారు.

"మీరు వెళ్తే మాట్లాడతాడేమోనండీ," అన్నారు మామగారితో. "రెండేళ్లుగా మీ పక్కనే కదా నిలబడ్డాడు."

మామగారు తలూపారు. కానీ వెళ్లలేదు. రోజూ సాయంత్రం చొక్కా మార్చుకుని గేటు దాకా వెళ్లేవారు. గేటు గడియ తీసేవారు, వేసేవారు, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చునేవారు. పాట ఆగిపోయింది. పంతులుగారు వచ్చి చూసి వెళ్లిపోయేవారు.

ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను కాఫీ కలపబోయాను.

"అది కాదమ్మాయ్," అన్నారు. "నాతో ఆసుపత్రి దాకా వస్తావా?"

ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆయన తన కోసం నన్ను ఒకటి అడగడం అదే మొదటిసారి. పొయ్యి కట్టేసి, ఒక గిన్నెలో ఇడ్లీలు పెట్టుకుని బయల్దేరాను.

వార్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్లు ఆగిపోయాయి. చెయ్యి తలుపు రెక్క మీదికి వెళ్లింది. ఆ గుమ్మం వేరు, ఆ ఆసుపత్రి వేరు. అయినా ఆయన నిలబడిన తీరు చూసి నాకు అత్తగారి ఆసుపత్రి రోజులు గుర్తొచ్చాయి.

"అప్పుడు కూడా గుమ్మం దాకే," అన్నారు. "లోపలికి వెళ్తే ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నాకేం మాట్లాడాలో తెలిసేది కాదు."

అంతకాలం రాయి అనుకున్నది మాట రాకపోవడమని నాకు తట్టనే లేదు.

"ఇప్పుడూ తెలియదు," అంటూ ఆయన లోపలికి అడుగేశారు.

మల్లేశంగారు గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆయన భార్య స్టూలు మీది నుంచి లేచింది. "కూసోండి సార్. పది దినాలాయె, ఎవ్వరొచ్చినా గిట్లనే పండుకుంటుండు. నాతోని సుత మాట్లాడుతలేడు. మూతి గిట్లయిందని సిగ్గు సార్ గాయనకు."

మామగారు కూర్చున్నారు. మంచం పక్కన ఉన్న ఇనుప కమ్మీ వదులుగా ఊగుతుంటే దాని నట్టు వేళ్లతో బిగించారు. అది అయిపోయాక చేతులకి పని లేకపోయింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకుని, చాలా మెల్లగా మొదలుపెట్టారు.

"రండి… రండి…"

పక్క మంచం మీద మనిషి తల తిప్పి చూశాడు. మందులిస్తున్న ఆయా "ఎవర్ని పిలుస్తున్నవ్ తాతా?" అని అడిగింది. ఎవరో నవ్వారు. మామగారు ఆపలేదు గానీ తడబడ్డారు. హాల్లో అయితే పై పాట నడుస్తూ ఉంటుంది, దాన్నిబట్టి ఎక్కడ ఆగాలో ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది. ఇక్కడ ఆ పై పాట లేదు. దారి తప్పి నా వైపు చూశారు. చిన్నపిల్లాడి చూపు అది.

మామగారి ముందు నోరు విప్పి పాడటం మా ఇళ్లల్లో లేదు. చేతిలో ఇడ్లీ గిన్నె ఉంది. ఎదురుగా ముక్కూ మొహం తెలియని జనం ఉన్నారు. గొంతు వణుకుతోంది. అయినా "ఎవరి దీపం వారు పట్టుకు రండి" అని అందుకున్నాను. రెండో పాదం దగ్గర ఆయన గొంతు నా గొంతు కిందికి వచ్చి కుదురుకుంది. పాట నిలబడింది. వార్డులో నవ్వులు ఆగాయి.

మల్లేశంగారి వీపు కదల్లేదు. ఎడమ చేతి వేళ్లు మాత్రం దుప్పటి మీద తాళం వేస్తున్నాయి. ఆయనకో రోగం ఉండేది. కింది వాటా అందుకోవాల్సిన చోట అందరికంటే ఒక క్షణం ముందే దూకేవాడు. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఇప్పుడు "దాటి రండి" దగ్గరికి వచ్చేసరికి, మామగారు ఇంకా నోరు తెరవకముందే గోడ వైపు నుంచి నలిగిన గొంతొకటి "దా…తి…" అంది.

"తొందర!" అన్నారు మామగారు, అచ్చం టీచరమ్మలా.

మల్లేశంగారు మెల్లగా ఇటు తిరిగాడు. వంకర మూతితో నవ్వుతున్నాడు. కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "ఏం జేత్తం సార్," అన్నాడు ముద్దగా. "ఆగదు." ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది.

తర్వాత రోజూ వెళ్లాం. వార్డులో వాళ్లు మా కోసం చూసేవారు. అప్పుడు నవ్విన పక్క మంచం మనిషే "ఇయ్యాల ఆల్శమైందేంది?" అని అడిగేవాడు. టీచరమ్మ నన్ను హాలుకి పిలిచి పై వాటాలో నిలబెట్టారు. మావారు మొదట ముఖం ముడుచుకున్నారు. మామగారు "అమ్మాయి లేకపోతే నాకు కుదరదు" అన్నారు. నాకు ఆ హాల్లో ఏం దొరికిందో చెప్పమంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒంటరిగా పాడితే వణికే గొంతు అందరి మధ్యా వణకదు. ఇంటికి వచ్చాక కూడా కాసేపు అలాగే ఉండేది.

కాలనీ కార్యక్రమం ఒక ఆదివారం సాయంత్రం జరిగింది. మల్లేశంగారు కొడుకు భుజం పట్టుకుని, కర్ర ఊతంతో వచ్చాడు. నిలబడలేడు కాబట్టి వెనక వరసలో కుర్చీ వేశారు. పాడేటప్పుడు అందరూ నిటారుగా నిలబడాలని టీచరమ్మ పట్టుదల. అందరం నిలబడ్డాం. టీచరమ్మ చెయ్యి ఎత్తబోతుండగా మామగారు వెనక్కి వెళ్లి ఇంకో కుర్చీ తెచ్చుకుని మల్లేశంగారి పక్కన కూర్చున్నారు. అది చూసి టికెట్ కలెక్టరు ఇంకో కుర్చీ లాక్కున్నాడు. చివరికి కింది వాటా మొత్తం కూర్చునే పాడింది. టీచరమ్మ ఒక్క క్షణం కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి ఎత్తారు. మల్లేశంగారు ఆ రోజు కూడా ముందే దూకాడు. జనానికి అది పాటలో భాగమే అనిపించినట్టుంది. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

మావారు షాపు తాళాలు వేయాలని ముందే వెళ్లిపోయారు. నేనూ మామగారూ ఆటో ఎక్కాం. ఇంకా వెలుతురు ఉంది. కాసేపు ఆయన రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

"మీ అత్తగారు మొదటిసారి ఈ ఊరు వచ్చినప్పుడు," అన్నారు ఉన్నట్టుండి, "స్టేషన్లో జనాన్ని చూసి నా చొక్కా చివర పట్టుకుంది. పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు. రిక్షాలో కూడా పట్టుకునే కూర్చుంది."

నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

"అప్పుడు మాది చిలకలగూడలో ఒక గది. తలుపుకి గడియ లేదు. నేను దుకాణంలో పనికి పోతే ఆవిడ తలుపుకి బియ్యం డబ్బా అడ్డం పెట్టుకుని కూర్చునేది. గడియలు అమ్మే దుకాణంలో పని చేస్తూ ఇంటికి గడియ తెచ్చుకోవాలని నాకు తోచలేదు చూడు. ఒకరోజు ఆవిడే అడిగింది. తెచ్చి బిగించాను. ఆ రాత్రి ‘మీరు పడుకోండి, నేను వేసి తీసి చూస్తాను’ అంటూ ఎన్నిసార్లు చూసిందో. చప్పుడుకి పక్క గదివాళ్లు తిట్టారు." ఆయన నవ్వారు. ఆయన నవ్వు నేను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. "నాకు పేపరు దగ్గు, కాఫీ దగ్గు అని పేర్లు పెట్టింది, నీకు తెలుసా?"

"తెలుసు మామయ్యగారూ."

"అలాంటివేం లేవు. నాకు ఒకటే దగ్గు. ఆవిడ ఏం తెస్తే అదే కావాలనుకునేవాణ్ణి."

ఆటో వీధి మలుపు తిరిగింది. ఆయన చెబుతూనే ఉన్నారు. దుకాణం తెరిచిన రోజు ఆవిడ కట్టుకున్న చీర రంగు, సినిమాకి తీసుకెళ్తే మధ్యలో నిద్రపోయి ఇంటికొచ్చి కథంతా తనే కల్పించి చెప్పిన సంగతి, మావారు పుట్టినప్పుడు ఈయన ఎత్తుకోవడానికి భయపడితే ఒళ్లో దిండు పెట్టి దాని మీద పిల్లాణ్ణి పడుకోబెట్టిన సంగతి. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. ఆసుపత్రి మాట రాబోయి ఆగింది.

మా గేటు ముందు ఆటో ఆగింది. ఆయన దిగలేదు.

"ఇల్లొచ్చింది సార్," అన్నాడు డ్రైవరు.

"తెలుసు నాయనా. ఇంకో చుట్టు తిప్పు."

"యాడికి పోవాలె సార్?"

"ఎటైనా పోనీ. అమ్మాయికి చెప్పాల్సింది ఇంకా ఉంది."

డ్రైవరు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను దిగబోయిన కాలు లోపలికి పెట్టుకుని, సర్దుకుని కూర్చున్నాను. ఆటో మళ్లీ కదిలింది.

"చెప్పండి మామయ్యగారూ," అన్నాను.